చిన్నపేగు పుండ్లు: కారణాల చిక్కు, నిర్ధారణ దారులు

జీర్ణకోశ వైద్యంలో చిన్నపేగు చాలాకాలం చూపుకు అందని భాగంగానే ఉండిపోయింది. నోటి నుంచి పంపిన గొట్టం జీర్ణాశయాన్ని దాటి ఆంత్రమూలం దాకా వెళ్లేది. మలద్వారం నుంచి పంపినది పెద్దపేగును దాటి చిన్నపేగు చివరి కొన్ని సెంటీమీటర్లను మాత్రమే చూపేది. నడుమ ఉన్న మీటర్ల పొడవు పేగులో ఏం జరుగుతోందో తెలియాలంటే బేరియం ఎక్స్‌రేలోని నీడలను చదవడమో, కడుపు కోసి చూడటమో తప్ప దారి ఉండేది కాదు. ఈ పాతికేళ్లలో ఆ అడ్డు చాలావరకు తొలగింది. అయితే పుండు కంటికి కనిపించడం మొదలయ్యాక, అది ఎందుకు పుట్టిందన్న తగవు తీరలేదు సరికదా మరింత ముదిరింది. ఒకే రకంగా కనిపించే పుండుకు క్షయ, క్రోన్స్ వ్యాధి, నొప్పి మాత్రలు, టైఫాయిడ్, క్యాన్సర్ ఇలా పరస్పరం సంబంధం లేని కారణాలు ఉండగలగడం, ఒకదానికి ఇచ్చే మందు మరొకదానికి విషం కాగలగడం ఈ తగవుకు మూలం.

హైదరాబాద్ ఈ చర్చకు కేవలం ఒక ఉదాహరణ కాదు, దాని కేంద్రాల్లో ఒకటి. డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి నెలకొల్పిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ (ఏఐజీ) సోమాజిగూడలో మొదలై గచ్చిబౌలికి విస్తరించింది. 2008 మార్చిలో విమానాశ్రయం శంషాబాద్‌లో ప్రారంభమయ్యాక, ఔటర్ రింగ్ రోడ్డు శంషాబాద్‌నూ గచ్చిబౌలినీ కలిపాక, దూర రాష్ట్రాల రోగులకు కూడా ఈ నగరం దగ్గరైంది. చిన్నపేగు పుండ్ల గురించి ఇక్కడి నుంచి వెలువడిన పరిశోధనలు అంతర్జాతీయ చర్చలో చోటు సంపాదించాయి. కొన్ని పాత నమ్మకాలను కదిలించాయి కూడా.

పుండు అని దేన్ని అనాలి

చిన్నపేగులో మూడు భాగాలున్నాయి: జీర్ణాశయానికి ఆనుకుని ఉన్న ఆంత్రమూలం, ఆ తర్వాతి జెజునం, చివరి భాగమైన ఇలియం. పేగు లోపలి పొర పైపైన చెక్కుకుపోతే దాన్ని ఒరిపిడిగా, ఆ పొరను పూర్తిగా తెంచుకుని కింది పొరలోకి దిగితే పుండుగా వైద్యులు లెక్కిస్తారు. కాగితం మీద స్పష్టంగా ఉన్న ఈ గీత తెర మీది బొమ్మలో చెరిగిపోతుంది. ఒక మందుల పరీక్షకు ముందుగా 413 మంది ఆరోగ్యవంతుల చిన్నపేగులను పరిశీలించినప్పుడు సుమారు 14 శాతం మందిలో పొర తెగిన చోట్లు కనిపించాయి. 2005లో వెలువడిన ఆ ఫలితాన్ని పక్కన పెట్టుకుని చూస్తే, రెండు మూడు చిన్న ఒరిపిళ్లు కనిపించగానే వ్యాధి పేరు రాసేయడం ఎంత తొందరపాటో తెలుస్తుంది.

జనవ్యవహారంలో అల్సర్ అంటే కడుపులో మంట. ఎక్కువ సందర్భాల్లో అది జీర్ణాశయానికో ఆంత్రమూలానికో చెందినది. ఆంత్రమూలం శరీర నిర్మాణం ప్రకారం చిన్నపేగులో భాగమే అయినా దాని పుండ్ల చరిత్ర వేరు, ఆ కథ చాలావరకు ముగిసింది కూడా. 1964లో ఎస్.ఎల్. మల్హోత్రా అనే వైద్యుడు గోధుమ తినే పంజాబ్ కంటే వరి తినే దక్షిణ భారతంలో ఈ పుండ్లు ఎక్కువని చూపి, నమలడం, లాలాజలం ఇందులో పాత్ర వహిస్తాయని వాదించారు. కారం, కోపం, వేళ తప్పిన తిండి, ఆమ్లం కారణాలుగా చెలామణి అయిన కాలమది. 1982లో ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియాను పెంచి చూపడంతో ఆ వివరణల్లో చాలావాటికి కాలం చెల్లింది. 2005లో వారికి నోబెల్ బహుమతి దక్కింది. ఆంత్రమూలం దాటి కిందికి దిగితే ఇంత తేటగా తేలిన కథ ఒక్కటీ లేదు. ఈ వ్యాసం ప్రధానంగా ఆ కింది భాగానికి సంబంధించినది.

టీబీయా, క్రోన్స్ వ్యాధా

రాబర్ట్ కాఖ్ 1882లో క్షయ క్రిమిని గుర్తించాక, చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోట వచ్చే పుండ్లకు, ఇరుకులకు టీబీయే కారణమని వైద్యలోకం చాలాకాలం నమ్మింది. ఆ ప్రాంతంలో లింఫ్ కణజాలం దట్టంగా ఉండటం, ఆహారం అక్కడ ఎక్కువసేపు నిలవడం క్రిమికి అనువైన పరిస్థితులు. 1913లో గ్లాస్గో శస్త్రవైద్యుడు కెనెడీ డాల్జీల్ టీబీలాగే ఉన్నా క్రిమి దొరకని కేసులను వర్ణించి, పశువులకు వచ్చే జోన్స్ వ్యాధితో వాటికి పోలిక ఉందన్నారు. 1932లో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రి నుంచి బరిల్ క్రోన్, లియోన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఆపెన్‌హైమర్ 14 మంది రోగుల వివరాలతో రాసిన వ్యాసం ఆ జబ్బుకు ప్రత్యేక వ్యాధి హోదా తెచ్చింది. రోగనిరోధక వ్యవస్థ సొంత పేగు మీదే దాడికి దిగడం ఇందులో జరుగుతుందని తర్వాత తెలిసింది. ఆ దాడిని మొదట ఏది రేపుతుందో నేటికీ పూర్తిగా తేలలేదు.

భారతదేశంలో మాత్రం క్రోన్స్ వ్యాధి పాశ్చాత్యుల జబ్బు అన్న అభిప్రాయం ఇరవయ్యో శతాబ్దంలో చాలావరకు నిలిచింది. ఇలియం చివర పుండు కనిపిస్తే టీబీ మందులు మొదలుపెట్టడం ఆనవాయితీ. టీబీ ఇంత విస్తారంగా ఉన్న దేశంలో ఆ అనుమానం సహేతుకమే. కాకపోతే క్రోన్స్ కోసం ఎవరూ వెతకనందువల్ల అది దొరకలేదు, దొరకనందువల్ల లేదనుకున్నారు.

ఈ నమ్మకాన్ని కదిలించిన సమాచారంలో కొంత హైదరాబాద్‌ది. ఆసియా పసిఫిక్ దేశాల్లో క్రోన్స్‌తో సహా పేగువాపు వ్యాధుల కొత్త కేసులను లెక్కించిన ఉమ్మడి అధ్యయనంలో హైదరాబాద్ భారతదేశపు కేంద్రంగా ఉంది. 2019లో ప్రచురితమైన ఫలితాల్లో ఆసియాలోకెల్లా ఎక్కువ రేటు, ఏడాదికి లక్ష మందికి 9కి పైగా, ఇక్కడే నమోదైంది. పెద్ద ఆసుపత్రి ఉన్న చోట నిర్ధారణలూ పెరుగుతాయి కనుక ఈ సంఖ్యను దేశమంతటికీ వర్తింపజేయడం తగదు. ఏఐజీలో పేగువాపు వ్యాధుల విభాగానికి నేతృత్వం వహించే డాక్టర్ రూపా బెనర్జీ బృందం 2023లో వెలువరించిన అధ్యయనం దీనికంటే ఆసక్తికరమైనది. నగరంలోని ఓపీకి వచ్చినవారితోపాటు, తెలంగాణ పల్లెల్లో శిబిరాలు పెట్టి పొట్ట సమస్యలున్నవారినీ పరీక్షించగా, రెండు చోట్లా పేగువాపు వ్యాధుల వాటా దాదాపు ఒకటే, 5 శాతానికి కాస్త పైన తేలింది.

శుభ్రత పెరిగి, బాల్యంలో క్రిములతో పరిచయం తగ్గి, రోగనిరోధక వ్యవస్థ దారి తప్పుతుందనే పారిశుద్ధ్య వాదానికి ఈ ఫలితం చిక్కు తెచ్చింది. పట్టణ జీవితమే కారణమైతే పల్లెలో ఇంత వాటా ఉండకూడదు. నిల్వ ఆహారం, ప్యాకెట్ తిండి, పదే పదే వాడే యాంటీబయాటిక్స్ పల్లెకూ చేరాయన్నది ఒక సమాధానం. అసలు పల్లె, పట్నం అనే విభజనే పాతబడిందన్నది మరొకటి. పొలం, రన్‌వే పక్కపక్కనే ఉన్న, ఒకే ఇంట్లో ఒకరు సాగు చేస్తూ మరొకరు విమానాశ్రయంలో షిఫ్టుల ఉద్యోగం చేయగల శంషాబాద్ మండలం వంటి చోట ఒక రోగిని ఏ గడిలో రాయాలో తేల్చడం తేలిక కాదు. రెండో సమాధానమే ఎక్కువ ఆలోచింపజేసేదిగా ఉంది.

రెండింటినీ విడదీసే గుర్తులు

పోలికలను కుదించి చెప్పాలంటే, టీబీ పుండు సాధారణంగా పేగుకు అడ్డంగా, వడ్డాణంలా చుట్టుకుని ఉంటుంది. క్రోన్స్ పుండు పేగు పొడవునా సాగుతుంది, నడుమ ఉబికిన పొర వల్ల రాళ్లు పరిచిన దారిలా కనిపిస్తుంది. టీబీ సాధారణంగా తక్కువ చోట్లకు పరిమితమవుతుంది, చిన్నపేగు చివరి కవాటాన్ని నోరు తెరిచినట్టు వదిలేస్తుంది, పక్కనున్న లింఫ్ గ్రంథులను ఉబ్బించి వాటి నడిమి భాగాన్ని కుళ్లబెడుతుంది. క్రోన్స్ చాలా చోట్ల మచ్చలు మచ్చలుగా వస్తుంది, మలద్వారం చుట్టూ చీము దారులు కలిగిస్తుంది, ఏళ్ల తరబడి తగ్గుతూ తిరగబెడుతూ ఉంటుంది. సాయంత్రపు జ్వరం, కడుపులో నీరు చేరడం టీబీ వైపు మొగ్గు చూపుతాయి. దీర్ఘకాలపు విరేచనాలు, మలంలో రక్తం క్రోన్స్ వైపు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2010లో ఇటువంటి గుర్తులకు మార్కులు కేటాయించి లెక్కగట్టే పద్ధతిని ప్రతిపాదించారు. సీటీ స్కాన్‌లో పేగు చుట్టూ, చర్మం కింద ఉన్న కొవ్వుల నిష్పత్తిని చూడటం ఆ తర్వాత వచ్చింది.

ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే విషయం తేలిపోవాలి కదా అన్న ప్రశ్న సహజం. రెండు జబ్బుల్లోనూ రోగనిరోధక కణాలు గుంపుగట్టి గ్రాన్యులోమా అనే చిన్న కణితులు ఏర్పడతాయి. టీబీలో అవి పెద్దవిగా, ఎక్కువగా, ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉంటాయనీ, క్రోన్స్‌లో చిన్నవిగా, అరుదుగా ఉంటాయనీ వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు 1999లో చూపారు. నడుమ జున్నులా కుళ్లిన గ్రాన్యులోమా దొరికితే టీబీ అని దాదాపు ఖాయం. అది దొరికేది కొద్దిమందిలోనే. జాతీయ టీబీ నిర్మూలన కార్యక్రమంలో వాడే సీబీనాట్ పరీక్ష కఫంలో చక్కగా పనిచేసినా, పేగు ముక్కల్లో క్రిములు చాలా తక్కువగా ఉండటం వల్ల నాలుగో వంతు చుట్టుపక్కల కేసులనే పట్టుకుంటుంది. పాజిటివ్ వస్తే నమ్మవచ్చు, నెగెటివ్ వస్తే ఏమీ తేల్చుకోలేం. ఛాతీ ఎక్స్‌రే బాగున్నంత మాత్రాన పేగులో టీబీ లేదనడానికీ వీల్లేదు.

ఎవరూ అడగని కారణం: మాత్రలు

టీబీ, క్రోన్స్‌ల తగవు వెనక మరుగున పడిన కారణం ఒకటుంది. మందు బిళ్లలు చిన్నపేగును కొరుకుతాయన్న సంగతి 1964 ప్రాంతంలోనే రుజువైంది. రక్తపోటు రోగులకు ఇచ్చే పొటాషియం క్లోరైడ్ మాత్రకు జీర్ణాశయంలో కరగని పూత పూయగా, అది చిన్నపేగులో ఒకేచోట కరిగి పుండ్లు, ఇరుకులు కలిగించింది. అనేక దేశాల వైద్యులు ఆ కేసులను వర్ణించాక ఆ తయారీ వాడుక నుంచి తొలగిపోయింది. నొప్పి మాత్రల వంతు తర్వాత వచ్చింది. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, నాప్రోక్సెన్, ఆస్పిరిన్ వంటివి శరీరంలో ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటాయి. నొప్పి, వాపు కలిగించే ఆ రసాయనాలే పేగు పొరను కాపాడేవి కూడా. పొర బలహీనపడిన చోట పైత్యరసం, బాక్టీరియా మిగతా పని చేస్తాయి.

2005లో అమెరికాలో జరిగిన ఒక పరిశీలనలో నొప్పి మాత్రలు దీర్ఘకాలంగా వాడేవారిలో 71 శాతం మందికి చిన్నపేగు గాయాలు కనిపించాయి. వాడనివారిలో 10 శాతం. ఇంతకంటే ఇబ్బంది పెట్టే సంగతి మరొకటి. నొప్పి మాత్రతోపాటు గ్యాస్ మాత్ర వేసుకుంటే రక్షణ ఉంటుందని రోగులూ, చాలామంది వైద్యులూ నమ్ముతారు. జీర్ణాశయం వరకు అది నిజం. అదే ఏడాది వచ్చిన మరో పరీక్షలో ఆరోగ్యవంతులు రెండు వారాలు నాప్రోక్సెన్‌ను ఒమెప్రజోల్ అనే గ్యాస్ మాత్రతో కలిపి వాడితే 55 శాతం మందికి చిన్నపేగు పొర తెగింది. సెలెకాక్సిబ్ అనే మరో నొప్పి మాత్ర వాడినవారిలో 16 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 7 శాతం. ఆమ్లాన్ని అణిచే మందులు పేగులోని బాక్టీరియా పొందికను మార్చి నష్టాన్ని పెంచుతాయని 2011లో ఎలుకలపై ప్రయోగాలు చూపాయి. మనుషుల్లో ఇది ఎంత మేరకు వర్తిస్తుందన్నది వివాదాస్పదమే.

జన్యుశాస్త్రం ఇక్కడ ఊహించని తోడ్పాటు ఇచ్చింది. యౌవనంలోనే మొదలై ఏళ్ల తరబడి రక్తహీనత కలిగించే ఒక అరుదైన చిన్నపేగు పుండ్ల జబ్బును జపాన్ వైద్యులు 1960ల నుంచీ వర్ణిస్తూ వచ్చారు. 2015లో దాని మూలం తెలిసింది: ప్రోస్టాగ్లాండిన్లను కణాల లోపలికి చేరవేసే ప్రొటీన్‌కు చెందిన జన్యువులో లోపం. ఆ పుండ్లు నొప్పి మాత్రల పుండ్లను పోలి ఉంటాయి. ఒకరిలో పుట్టుకతో వచ్చిన లోపం, మరొకరిలో మందుల దుకాణం నుంచి వచ్చిన లోపం, రెండూ ఒకే రసాయన దారిని దెబ్బతీసి ఒకే రూపం తెచ్చుకున్నాయి.

తెలుగు నేల మీద ఈ కారణానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. మోకాళ్ల నొప్పికి, నడుం నొప్పికి చీటీ లేకుండా మాత్రలు కొనడం, ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడం ఇక్కడ ఊరూరా ఉన్న అలవాటు. గుండె జబ్బు కోసం రోజూ వేసుకునే ఆస్పిరిన్‌ను మాత్రగా లెక్కపెట్టనివారూ ఉన్నారు. ఏ మాత్రలు వాడుతున్నారని అడిగితే బీపీ, షుగర్ మందుల పేర్లే వస్తాయి. నొప్పి మాత్రల గురించి విడిగా, పేరుపేరునా అడగాలి. ఖర్చే లేని ఈ పరీక్షను దాటవేసి వేల రూపాయల పరీక్షలకు వెళ్లడం ప్రస్తుత పద్ధతిలో అతిపెద్ద లోపం.

మిగిలిన కారణాలు

టైఫాయిడ్ పుండ్లు ఇలియంలోని పేయర్ మచ్చలు అనే లింఫ్ కణజాలం మీద, పేగు పొడవునా వస్తాయి. జబ్బు మూడో వారంలో రక్తం పోవడం, చిల్లు పడటం వాటి ప్రమాదం. హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత గుర్తింపు 2018 జనవరిలో ప్రకటితమైంది. బెషే వ్యాధిలో నోట్లో, జననాంగాల మీద పుండ్లతోపాటు ఇలియం చివర లోతైన గుండ్రటి పుండు వస్తుంది. లింఫోమా అనే క్యాన్సర్ పుండు రూపంలోనే మొదట కనిపించవచ్చు. మెకెల్ సంచి అనే పుట్టుకతో వచ్చే లోపంలో జీర్ణాశయ పొర ఆమ్లం విడుదల చేసి పక్క పేగును పుండు చేస్తుంది. పిల్లల్లో నొప్పి లేకుండా రక్తం పోతే దీన్ని గుర్తు చేసుకోవాలి. రక్తప్రసారం తగ్గడం, రేడియేషన్ చికిత్స, గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ వ్యాధి ముదరడం కూడా జాబితాలో ఉన్నాయి. సీలియాక్ ఉత్తరాదిలో నూటికి ఒకరికి పైగా ఉంటే, దక్షిణాదిలో వెయ్యికి ఒకరి దగ్గర ఉందని దేశవ్యాప్త సర్వే చెప్పింది.

చూసే సాధనాలు, వాటి హద్దులు

ఇజ్రాయెల్ ఇంజనీరు గావ్రియెల్ ఇడాన్ బృందం మింగే కెమెరాను 2000లో ప్రకటించింది. సుమారు 26 మిల్లీమీటర్ల పొడవున్న ఆ క్యాప్సూల్ సెకనుకు రెండు బొమ్మల చొప్పున, ఎనిమిది గంటల్లో 50 వేలకు పైగా తీసి నడుముకు కట్టిన పెట్టెకు పంపుతుంది. చిన్నపేగు టీబీ దాని కంటికి ఎలా కనిపిస్తుందో వర్ణించిన తొలి నివేదికల్లో ఒకటి నాగేశ్వర్ రెడ్డి, సహచరులు 2003లో రాసినది: అడ్డంగానో వాలుగానో ఉన్న పొట్టి పుండ్లు, వాటి అడుగున కుళ్లిన కణజాలం. క్యాప్సూల్ చూడగలదు గానీ ముక్క తీయలేదు. పేగులో ఇరుకు ఉంటే అక్కడే చిక్కుకుపోతుంది కూడా. టీబీ, క్రోన్స్, నొప్పి మాత్రల పుండ్లు మూడూ ఇరుకులు కలిగించేవే కనుక ముందు స్కాన్ తీయించడమో, కరిగిపోయే నమూనా క్యాప్సూల్ మింగించడమో అవసరం.

ముక్క తీయాలంటే గొట్టం లోపలికి వెళ్లాలి. జపాన్‌లో హిరోనోరి యమమోతో 2001లో పరిచయం చేసిన రెండు బెలూన్ల ఎంటరోస్కోపీలో బెలూన్లు వంతులవారీగా ఉబ్బుతూ పేగును గొట్టం మీదికి మడిచి తెస్తాయి. తిరిగే మరలాంటి మోటారు గొట్టంతో ఏఐజీ వైద్యులు 2021లో ప్రచురించిన ఫలితాలు, సగానికి పైగా రోగుల్లో చిన్నపేగు మొత్తాన్ని చూడగలిగినట్టు చెప్పాయి. అయితే తయారీ సంస్థ 2023లో భద్రతా కారణాలతో ఆ పరికరాన్ని మార్కెట్ నుంచి వెనక్కు తీసుకుంది. పేగు గోడ మందం, చుట్టుపక్కల గ్రంథులు, ఇరుకులు చూడటానికి సీటీ, ఎంఆర్ ఎంటరోగ్రఫీలే మేలు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్ పెరగడం పేగులో వాపు ఉందని చెబుతుంది, దేనివల్లో చెప్పదు.

మందు ఇచ్చి చూడటం

అన్ని పరీక్షల తర్వాతా సందేహం మిగిలితే టీబీ మందులు ఇచ్చి చూడటం భారతదేశంలో స్థిరపడిన పద్ధతి. దీనికి తర్కం ఉంది: టీబీని క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే క్రిమి ఒళ్లంతా పాకుతుంది. క్రోన్స్‌కు వాడే మరో మందు ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నవారిలో 70 టీబీ కేసులను 2001లో ఒక అమెరికా బృందం నమోదు చేసింది. అయితే క్రోన్స్ రోగుల్లోనూ కొందరికి టీబీ మందులతో ఉపశమనం కలగడం వల్ల, బాగున్నాను అన్న రోగి మాట సరిపోదని ఎయిమ్స్ వైద్యులు 2017లో చూపారు. పుండు మానిందా లేదా అన్నది మళ్లీ కొలనోస్కోపీ చేసి చూడాలి. టీబీ అయితే పుండు దాదాపు ఎప్పుడూ మానుతుంది. క్రోన్స్ అయితే అరుదు. పేగు టీబీకి తొమ్మిది నెలలు అక్కర్లేదు, ఆరు నెలలు చాలునని 2015లో తేలింది.

ఈ పద్ధతికి మూల్యమూ ఉంది. క్రోన్స్ రోగికి నెలల తరబడి టీబీ మందులు ఇచ్చి చూస్తుండగా అసలు జబ్బు లోపల ముదిరి ఇరుకులు ఏర్పడే అవకాశం పెరుగుతుందని 2020లో ఎయిమ్స్ వైద్యులే నివేదించారు. అందువల్ల ఆరు నెలలు ఆగకుండా రెండు నెలలకే లోపల చూడాలన్న వాదన బలపడుతోంది.

తేలనివి

రెండు నెలలకు చూస్తే పుండు సగం మాని ఉన్న రోగి విషయంలో ఏకాభిప్రాయం లేదు. టీబీ మందులు కొనసాగించాలన్నది ఒక పక్షం, మందుకు లొంగని టీబీ ఉందేమో పరీక్షించాలన్నది మరో పక్షం, అప్పటికే క్రోన్స్ చికిత్సకు మారాలన్నది మూడోది. పుండు మానినా మచ్చ కట్టిన ఇరుకు టీబీ మందులతో తెరుచుకోకపోవచ్చు కనుక, మిగిలిన కడుపునొప్పిని చికిత్స వైఫల్యంగా పొరబడే ప్రమాదం ఇందులో కలిసి ఉంది. డాల్జీల్ 1913లో లేవనెత్తిన పశువుల క్రిమి వాదం నేటికీ చావలేదు. క్రోన్స్ రోగుల కణజాలంలో ఆ క్రిమి ఆనవాళ్లు దొరికిన అధ్యయనాలూ, దొరకనివీ ఉన్నాయి, దొరికినా అది కారణమా లేక పుండుపడిన చోటికి చేరిన చుట్టమా అన్నది రుజువు కాలేదు. తెలంగాణ పల్లెల శిబిరాల్లో గుర్తించిన రోగుల్లో నొప్పి మాత్రల వాటా ఎంతో విడిగా లెక్కిస్తే, 5 శాతానికి పైగా ఉన్న ఆ సంఖ్యను చదివే తీరు కొంతైనా మారవచ్చు.